రాత్రి తెరుచుకునే ఆకులు

కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల్లో ఎవరింటి ముందైనా బ్రోమీలియడ్ కుండీ కనిపిస్తే అది చాలావరకు బెంగళూరు నర్సరీ నుంచి వచ్చినదే అయి ఉంటుంది. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. లాల్‌బాగ్‌లో గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ జరిగే పూల ప్రదర్శన చూసి వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి రావడం అరుదు. నడుమ ఎర్రటి పూగుత్తి, చుట్టూ నిగనిగలాడే ఆకులు ఉన్న మొక్కను చూశాక వదిలి రావడం కష్టమే. జనవరిలో తెచ్చింది మార్చి దాకా బాగానే ఉంటుంది. ఏప్రిల్‌లో ఆకుల కొసలు మాడతాయి. మే నెలలో మొవ్వు పట్టుకుని మెల్లగా లాగితే ఊడి చేతికి వస్తుంది, మొదట్లో కుళ్ళు వాసన. ఎండకు తట్టుకోలేదని, నీళ్ళు చాలలేదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఆ మొక్క చావుకు ఎక్కువసార్లు కారణం వేడి రాత్రులు, వేళ తప్పి పోసిన నీళ్ళు. ఈ మొక్క బతుకు తీరు అర్థమైతే మన కరువు నేలలోనూ దాన్ని ఏళ్ళ తరబడి పెంచవచ్చు. అర్థం కాకపోతే ఎంత ప్రేమగా చూసినా దక్కదు.

బ్రోమీలియడ్ అనే పేరు కొత్తగా ఉన్నా ఆ కుటుంబం మనకు కొత్తది కాదు. అనాస పండు ఆ కుటుంబానిదే. మూడున్నర వేలకు పైగా జాతులున్న ఈ కుటుంబంలో ఒక్కటి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే. ఆ ఒక్కటీ పశ్చిమాఫ్రికాలోని గినీ కొండరాళ్ళ మీద పెరుగుతుంది. కొలంబస్ 1493లో తన రెండో ప్రయాణంలో గ్వాడలూప్ దీవిలో అనాసను చూశాడు. పోర్చుగీసు ఓడల మీద అది మన దేశం చేరింది. అక్బర్ కాలంనాటి ఐన్-ఇ-అక్బరీలో అప్పటికే దాని ప్రస్తావన ఉంది. సింహాచలం కొండల అనాసకు ఆ పేరుతోనే ఒక రకం ఉంది. పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట కొండల మీద సవరలు పండించే అనాస వానాకాలం మొదట్లో సంతలకు దిగుతుంది. సీతంపేటలో వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ. కనగానపల్లి వైపు ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, అదీ ఎక్కువ భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఇక్కడ అనాస తోట వేయమని ఎవరూ చెప్పరు. కానీ నాలుగైదు కుండీల సంగతి వేరు. ఆ మొక్క శరీరంలో కరువును తట్టుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది.

ఆ ఏర్పాటు సంగతి మొదట రాతలో పెట్టిన వాళ్ళలో ఒకడు తెలుగు నేల మీద పనిచేసినవాడే. బెంజమిన్ హైనె అనే జర్మన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడు. 1793లో విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్ళిపోయాక సామర్లకోటలోని కంపెనీ తోట బాధ్యత ఇతనికి వచ్చింది. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత కొంతకాలం లాల్‌బాగ్‌నూ ఇతనే చూశాడు. కడప వైపు వజ్రాల గనులు తిరిగి చూసి వాటి గురించీ రాశాడు. 1813లో రాసిన ఒక ఉత్తరంలో హైనె ఒక చిన్న విషయం చెప్పాడు. రణపాల ఆకును పొద్దున్నే నమిలితే గట్టిగా పుల్లగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ పులుపు తగ్గి, మధ్యాహ్నానికి రుచీ పచీ లేకుండా పోతుంది. సాయంత్రానికి కాస్త చేదు తగులుతుంది. లండన్‌లోని లినియన్ సొసైటీ 1815లో ఆ ఉత్తరాన్ని అచ్చువేసింది. మన పెరళ్ళలో ఉండే అదే రణపాల, ఆకు నేల మీద పడితే అంచుల్లో పిల్లమొక్కలు మొలిచేది. ఏ ప్రయోగశాలా లేకుండా, నాలుకతో, ఒకే ఆకును మూడు పూటలా రుచి చూసి ఆయన పట్టుకున్న సంగతి అర్థం కావడానికి శాస్త్రానికి శతాబ్దం పైనే పట్టింది.

మామూలు మొక్క పగలు ఆకుల్లోని పత్రరంధ్రాలు తెరుస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుంటుంది, ఎండ సాయంతో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. రంధ్రం తెరిచి ఉన్నంతసేపూ లోపలి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. రణపాల అలా చేయదు. పగలంతా రంధ్రాలు మూసుకుని, చీకటి పడ్డాక తెరుస్తుంది. రాత్రి చల్లదనంలో బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది. ఎండ లేదు కాబట్టి వెంటనే చక్కెర చేయలేదు. అందుకని దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో దాచుకుంటుంది. తెల్లవారేసరికి ఆకు నిండా ఆమ్లం, అందుకే ఆ పులుపు. పొద్దు పొడిచాక రంధ్రాలు మూసేసి, దాచిన ఆమ్లాన్ని విడగొట్టి, అందులోంచి వచ్చిన వాయువుతో లోపలే చక్కెర వండుకుంటుంది. మధ్యాహ్నానికి ఆమ్లం అయిపోతుంది. రణపాల కుటుంబం పేరు మీదే ఈ పద్ధతిని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు, పొట్టిగా కామ్ అంటారు. నాగజెముడు, కిత్తనార, ఈ మధ్య అనంతపురం జిల్లా రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్, అనాస, బ్రోమీలియడ్లలో సగం దాకా జాతులు ఈ దారిలోనే నడుస్తాయి.

దీనివల్ల మిగిలే నీరు ఎంతో చూడండి. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును పట్టుకోవడానికి వేరుశనగ, కంది, వరి లాంటి మొక్కలు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటాయి. జొన్న, సజ్జ, రాగి కాస్త పొదుపరులు, 250 నుంచి 300 గ్రాములు. కామ్ మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు. మన పొలాల్లో శెనక్కాయ చెట్టు వాడిపోయే నెలలోనే గట్టు మీది కిత్తనార పచ్చగా ఉండటం వెనకున్న లెక్క ఇదే. బడిలో నీలి లిట్మస్ కాగితం ఉంటే పిల్లలు ఈ సంగతిని ఒక్కరోజులో తేల్చుకోవచ్చు. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ ఒకే రణపాల చెట్టు నుంచి ఆకులు తెంపి నలిపి, రసాన్ని కాగితానికి తాకించి రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. ఇలాంటి మొక్కలు రాత్రి ఆక్సిజన్ ఇస్తాయని, పడకగదిలో పెట్టుకుంటే మంచిదని చెప్పి అమ్ముతుంటారు. ఆక్సిజన్ పుట్టడానికి వెలుతురు ఉండి తీరాలి. కామ్ మొక్క రాత్రి చేసేది బొగ్గుపులుసు వాయువును కొద్దిగా లోపలికి తీసుకోవడం, అంతే. కుండీలోని ఒక్క మొక్క తీసుకునేది మనిషి విడిచే దానిలో చాలా స్వల్పం. పడకగదిలో పెట్టుకోవాలంటే అందంగా ఉందని పెట్టుకోండి, కిటికీకి దగ్గరగా పెట్టండి.

ఇప్పుడు ఏప్రిల్, మే నెలల సంగతి. కామ్ మొక్క అంతా రాత్రి మీద ఆధారపడుతుంది కాబట్టి రాత్రి చల్లబడకపోతే దాని పని చెడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆమ్లాన్ని నిలవ చేసుకునే శక్తి తగ్గుతుంది. పైగా వేడికి శ్వాసక్రియ పెరిగి, ఉన్న చక్కెర కూడా ఖర్చైపోతుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే ఈ మొక్కలకు సుఖం. బెంగళూరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎండాకాలంలోనూ అక్కడ రాత్రులు కొంత తెరిపినిస్తాయి. హిందూపురం 620 మీటర్లు, ఫరవాలేదు. ధర్మవరం, కనగానపల్లి వైపు దిగి వచ్చేసరికి మే నెల రాత్రులు 25 డిగ్రీలకు అటూ ఇటూగా, ఒక్కోసారి ఇంకా పైనే ఉంటాయి. ఆ నెలల్లో మొక్క పెరగదు, ఊరికే ప్రాణం నిలుపుకుంటుంది. పెరగని మొక్క నీళ్ళు వాడుకోదు. వాడుకోని నీళ్ళు ఆకుల నడుమ నిలిచి, పగటి ఎండకు వేడెక్కి, లేత మొవ్వును ఉడకబెట్టినంత పని చేస్తాయి. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అక్కడ బూజూ బాక్టీరియా చేరితే రెండు వారాల్లో మొక్క నడుము ఊడుతుంది.

కాబట్టి మన ప్రాంతంలో మొదటి జాగ్రత్త, మిద్దె మీద పెట్టకపోవడం. పగలు నీడవల కట్టాం కదా అనుకుంటారు. సిమెంటు కప్పు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. నీడవల ఆ రాత్రి వేడిని ఆపలేదు. ఉగాది దాటగానే కుండీలను కిందికి దింపి, వేపచెట్టో కానుగచెట్టో ఉంటే దాని కిందకు, లేకపోతే ఇంటికి తూర్పు పక్కన మట్టినేల మీదికి చేర్చండి. సాయంత్రం పొద్దు వాలాక చుట్టూ నేలను తడపండి. రెండు గోనెసంచులు తడిపి కుండీల పక్కన పరిచినా మేలే. తడి ఆరేటప్పుడు చుట్టూ గాలి కొంత చల్లబడుతుంది, తేమ పెరుగుతుంది, సరిగ్గా పత్రరంధ్రాలు తెరుచుకునే వేళకు. పొద్దున చల్లే నీళ్ళ కంటే చుట్టూ నేల మీది ఈ రాత్రి తడి మొక్కకు ఎక్కువ మేలు చేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మరో సమస్య గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటేనే ఆ గాలి బలం తెలుస్తుంది. ఆ నెలల్లో పడమటి గాలి నేరుగా తగలకుండా గోడ చాటున ఉంచాలి.

ఏ మొక్క కొనాలన్నది అసలు ముందు ఆలోచించవలసిన విషయం. నర్సరీల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గుజ్మానియా, ఎర్రటి నక్షత్రం పూగుత్తి ఉన్నది. దాని పక్కనే కత్తిలాంటి పూగుత్తి వేసే వ్రీసియా. ఇవి వర్షారణ్యాల్లో, చెట్ల నీడలో, ఎప్పుడూ తడి గాలిలో పెరిగే జాతులు. వీటిలో చాలావాటికి కామ్ లేదు. వేరుశనగ లాగే పగలు రంధ్రాలు తెరిచి నీరు పోగొట్టుకుంటాయి. కనగానపల్లి ఎండాకాలాన్ని వీటి మీద రుద్దడం న్యాయం కాదు, హిందూపురం వాళ్ళైతే నీడలో ప్రయత్నించవచ్చు. కొనేటప్పుడు ఆకు అంచును వేలితో తడిమి చూడండి. ఆకు గట్టిగా ఉండి, అంచున చిన్న ముళ్ళు తగిలితే అది ఎక్మియా, నియోరెజీలియా, బిల్‌బెర్జియా, డికియా వంటిది కావచ్చు, డికియా తప్ప మిగతావి అనాస దగ్గరి బంధువర్గం, చాలావరకు కామ్ బాట పట్టినవి. ముళ్ళు లేకపోయినా ఆకు మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర ఉంటే అదీ ఎండకు ఓర్చే రకమే. ముళ్ళు లేకుండా, మెత్తగా, పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటే మన ఊరికి వద్దు. ఇది నూటికి నూరుపాళ్ళు కచ్చితమైన పరీక్ష కాదు గానీ నర్సరీలో నిలబడి అర నిమిషంలో చేయగలిగిన వాటిలో దీనికి మించినది నాకు తెలియదు.

ఆ బూడిద పొర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బ్రోమీలియడ్ల ఆకులను భూతద్దంలో చూస్తే చిన్న చిన్న గొడుగుల్లాంటి పొలుసులు కనిపిస్తాయి. ఒక్కో పొలుసు కింద బతికున్న నాలుగైదు కణాల కాడ, పైన చనిపోయిన కణాల పళ్ళెం. పొడిగా ఉన్నప్పుడు పళ్ళెం అంచులు పైకి లేచి, ఎండను వెనక్కి కొడతాయి, ఆకు తెల్లగా కనబడుతుంది. నీటి చుక్క పడగానే అంచులు చదునుగా వాలిపోతాయి, నీరు పళ్ళెం కిందికి పాకి, కాడలోంచి ఆకులోకి చేరుతుంది. తడి ఆరగానే మధ్య భాగం కుంగి కాడకు మూతపడుతుంది, లోపలికి పోయిన నీరు బయటికి రాదు. గాలిలో వేలాడే టిల్లాండ్సియాలు ఈ పొలుసులతోనే తాగుతాయి, తింటాయి. వాటి వేళ్ళు కొమ్మను పట్టుకోవడానికే. అమెరికాలో ఒక టిల్లాండ్సియా కరెంటు తీగల మీద గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. తీగలో సారం ఏముంది? వానలో, ధూళిలో ఉన్న పోషకాలే దానికి చాలు. చెట్టు కొమ్మకు టిల్లాండ్సియా కడితే అది చెట్టు రసం పీలుస్తుందని పెద్దవాళ్ళు భయపడతారు. మామిడికి పట్టే బదనికను చూసిన భయం అది. బదనిక వేళ్ళు కొమ్మలోకి దిగుతాయి. టిల్లాండ్సియా పైపైన కూర్చుంటుంది, చెట్టుకు ఏ నష్టమూ లేదు.

పొలుసులు తాగే పద్ధతి తెలిస్తే నీళ్ళు పోసే వేళ దానంతట అదే తేలుతుంది. ఆకు మీద తడి పొర ఉన్నంతసేపూ బొగ్గుపులుసు వాయువు లోపలికి దూరలేదు. నీటిలో ఆ వాయువు గాలిలో కంటే పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. రాత్రి పూట టిల్లాండ్సియాను తడిపితే తెరిచిన రంధ్రాల ముందు నీటి గోడ కట్టినట్టే, ఆ రాత్రి మొక్కకు తిండి లేదు. తెల్లవారుజామున తడపాలి. ఆ వేళకు ఆకు కణాల్లో ఆమ్లం నిండుగా ఉంటుంది, ఆ గాఢత వల్ల నీటిని లాక్కునే శక్తి కూడా అప్పుడే ఎక్కువ. అరగంట నీళ్ళలో ముంచి, తీసి, తలకిందులు చేసి దులిపి, గాలి తగిలేచోట వేలాడదీయండి. పొద్దెక్కేలోగా పూర్తిగా ఆరిపోవాలి. మన పొడి గాలి ఈ ఒక్క విషయంలో మనకు పెద్ద సాయం. తీరప్రాంతంలో టిల్లాండ్సియాలు కుళ్ళిపోవడం చూస్తాం, ఇక్కడ ఆ బెడద తక్కువ. ఎండాకాలంలో వారానికి మూడుసార్లు ముంచాలి, సెప్టెంబరు వానల్లో ఆకాశం కింద వదిలేయవచ్చు. నడుమ గిన్నెలా నీళ్ళు నిలుపుకునే నియోరెజీలియా, ఎక్మియా రకాలకు ఈ నియమం వేరు. వాటి ఆకు మొదలు నీళ్ళలో ఉంటుంది, పై భాగం గాలిలో ఉంటుంది కాబట్టి సాయంత్రం పోసినా ఇబ్బంది లేదు. ఎండలో మాత్రం పోయవద్దు.

ఇక ఏ నీళ్ళు అన్నది. మన బోరు నీళ్ళలో లవణాలెక్కువని ఎవరికీ చెప్పనక్కర లేదు. కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చే సాక్ష్యం. ఆ పెచ్చే పొలుసుల కింద కూడా కడుతుంది. ఆకు మీద తెల్ల మరకలు వచ్చాయంటే మొక్క నోళ్ళు ఒక్కొక్కటిగా పూడిపోతున్నాయని అర్థం. గిన్నె మొక్కలకు ఇంకో చిక్కు. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న నీళ్ళు రోజుకు 100 మిల్లీలీటర్లు పోస్తామనుకుందాం. ఆవిరైపోయేది నీరు, మిగిలేది ఉప్పు. నెల తిరిగేసరికి ఆ చిన్న గిన్నెలో మూడు గ్రాముల ఉప్పు పేరుకుంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ మంచిదని చెప్పే హద్దు లీటరుకు అర గ్రాము, వేరే దిక్కు లేనప్పుడు రెండు గ్రాముల దాకా. మనిషి తాగి విసర్జిస్తాడు, మొక్క గిన్నెకు ఆ వీలు లేదు. వాన నీళ్ళే దీనికి సరైన మందు. పది చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వంద లీటర్లు. మొదటి పది నిమిషాల మురికి నీళ్ళు వదిలేసి, మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టుకుంటే పది, పన్నెండు మొక్కలకు చాలాకాలం వస్తాయి. అవి అయిపోతే ఫిల్టరు నీళ్ళు పోయండి. ఫిల్టరు యంత్రం పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్ళను మాత్రం వీటికి పోయవద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

పొలుసులు మంచినీ తాగుతాయి, విషాన్నీ తాగుతాయి. దీని వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో కోకో తోటలకు నీడనిచ్చే పెద్ద చెట్ల మీద బ్రోమీలియడ్లు వేల సంఖ్యలో పెరిగేవి. వాటి గిన్నెల్లోని నీళ్ళలో అనాఫిలిస్ బెల్లేటర్ అనే దోమ గుడ్లు పెట్టి మలేరియా పంచేది. మురుగు గుంటలు పూడ్చినా జ్వరం తగ్గకపోవడానికి కారణం చెట్ల పైనున్న గుంటలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొలిన్ పిటెండ్రై అనే యువ శాస్త్రవేత్త అక్కడ ఈ దోమల మీద పనిచేశాడు. ఏ దోమ ఏ వేళకు, ఎంత ఎత్తున తిరుగుతుందో కనిపెట్టే ఆ పనిలోంచే జీవుల లోపలి గడియారాల మీద ఆయనకు ఆసక్తి పెరిగింది. తర్వాత ఆ శాస్త్రానికే పునాది వేసినవాళ్ళలో ఒకడయ్యాడు. ట్రినిడాడ్ ఎంచుకున్న మార్గాల్లో ఒకటి మైలుతుత్తం ద్రావణం పిచికారీ. కోకో చెట్టుకు ఏమీ కాలేదు, బ్రోమీలియడ్లు మాత్రం చచ్చి రాలిపోయాయి. మైలుతుత్తంలోని రాగి వాటికి అంత విషం, పొలుసులు దాన్ని ఆపలేవు.

మన ప్రాంతంలో ఈ సంగతి ప్రతి మొక్కల ప్రేమికుడూ గుర్తుంచుకోవాలి. చీనీ తోటల్లో బంక తెగులుకు బోర్డో పేస్టు పూస్తాం. దానిమ్మ మచ్చ తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతాం. ఇంట్లో మిగిలిన అదే మందును, ఆకు మచ్చ కనిపించిందని బ్రోమీలియడ్ మీద చల్లితే దాని పని అయిపోయినట్టే. తోట పక్కనే ఇల్లు ఉంటే, మందు కొట్టే రోజు కుండీలను గాలి వాలుకు దూరంగా జరపండి. రాగి తీగతో టిల్లాండ్సియాను కట్టవద్దు, రాగి చెంబులో నిలవ ఉంచిన నీళ్ళు పోయవద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళలో లవణాలు ఉండవని కొందరు వాడతారు. అవి రాగి గొట్టాల మీదుగా జారి వస్తాయి కాబట్టి నేనైతే వాటి జోలికి పోను. వేపనూనె కూడా వీటికి పనికిరాదు, నూనె పొర పొలుసులను మూసేస్తుంది. పిండినల్లి పడితే మెత్తటి కుంచెతో, నీళ్ళతో కడగడమే.

దోమల ప్రశ్న మనకూ ఉంది. నీళ్ళు నిలిచే ప్రతి గిన్నె మీదా డెంగీ కాలంలో అనుమానం రావడం సబబే. రియో డి జనీరో వృక్షోద్యానంలో 2006, 2007 సంవత్సరాల్లో పది రకాల బ్రోమీలియడ్ల గిన్నెలు తోడి చూస్తే, దొరికిన దోమ పిల్లల్లో డెంగీ మోసే ఈడిస్ ఈజిప్టై శాతంలో పదో వంతు కూడా లేదు. ఆ తర్వాత మయామీ నగరంలో ఇళ్ళ ముందరి అలంకార మొక్కల్లో వెతికితే అదే దోమ గణనీయంగా దొరికింది. మన వీధులు మయామీకే దగ్గరనుకుని జాగ్రత్తపడటం మంచిది. గుడ్డు దోమగా మారడానికి మన వేడిలో వారం, పది రోజులు పడుతుంది. ఆరోగ్య శాఖ చెప్పే ఫ్రైడే డ్రైడే ఎలాగూ ఉంది. ప్రతి శుక్రవారం కుండీని వంచి, గిన్నెలోని పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఒకసారి కడిగి, మళ్ళీ పోయండి. దోమలూ పోతాయి, పేరుకున్న ఉప్పూ పోతుంది. కిరోసిన్ చుక్క వేయడం లాంటి పాత చిట్కాలు మాత్రం మొక్కను చంపుతాయి.

మట్టి గురించి రెండు మాటలు చాలు. నల్లరేగడి వద్దు, ఉత్త ఎర్రమట్టీ వద్దు. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు, ఇటుక రాయి ముక్కలు కలిపితే గాలి ఆడుతుంది, నీరు జారిపోతుంది. శెనక్కాయ పొట్టు మన దగ్గర చవక, కలపవచ్చు, కానీ త్వరగా కుళ్ళుతుంది కాబట్టి ఏటా మార్చాలి. ఎరువును వేళ్ళకు కాదు, ఆకులకు ఇవ్వాలి. చాలా పల్చగా, వాన నెలల్లో మాత్రమే. యూరియాను ఈ కుటుంబం బాగా వాడుకుంటుంది, అడవిలో కప్పలు, పురుగులు గిన్నెల్లో విసర్జించేదే వాటికి ఎరువు. ఐతే యూరియా ఎక్కువైతే నియోరెజీలియా ఎరుపు పోయి ఉత్త పచ్చగా మారుతుంది. ఆ రంగు కోసమే కొన్నవాళ్ళు ఎరువు తగ్గించి వెలుతురు పెంచాలి.

పువ్వు రాలేదన్న బెంగకు మందు పొగలోంచి దొరికింది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో పందొమ్మిదో శతాబ్దం చివర, అనాస పెంచే గాజు ఇళ్ళలో పొగ నిండినప్పుడు మొక్కలన్నీ ఒక్కసారే పూతకు రావడం గమనించారు. ఆ పొగలో పనిచేసింది ఎథిలీన్ వాయువని 1930లలో తేలింది. పళ్ళను మగ్గబెట్టేదీ అదే వాయువు. కేరళ రైతులు అనాసకు 35, 40 ఆకులు రాగానే మొక్క నడుమ ఎథిఫాన్ ద్రావణం పోస్తారు, తోటంతా ఒకేసారి కాపుకు వస్తుంది. ఇంట్లో అంత అవసరం లేదు. పెద్దదైన మొక్క గిన్నెలో నీళ్ళు వంపేసి, బాగా మాగిన ఆపిల్ పండునో రెండు అరటి పళ్ళనో దాని పక్కన పెట్టి, మొత్తాన్ని పెద్ద ప్లాస్టిక్ కవరుతో వారం రోజులు మూసి నీడలో ఉంచండి. సంక్రాంతి ముందు రోజుల చల్లదనంలో చేస్తే కవరులో వేడి పుట్టదు. రెండు నెలల్లో నడుమ పూకాడ లేస్తుంది. చిన్న మొక్కకు ఇది చేయకూడదు, బలం చాలక పిలకలు వేయకుండానే పోతుంది. వంటింట్లో పళ్ళ బుట్ట పక్కన కుండీ పెట్టకూడదనడానికి కారణం కూడా ఇదే.

పూసిన తర్వాత ఆ మొక్క మెల్లగా చనిపోతుంది. నర్సరీవాళ్ళు మోసం చేశారని చాలామంది అనుకునేది ఇక్కడే. గెల వేసిన అరటిచెట్టు మళ్ళీ గెల వేస్తుందని మనం ఎదురుచూడం కదా, దీనిదీ అదే తీరు. చాలా రకాల్లో ఒక్కో మొక్క ఒక్కసారే పూస్తుంది, ఆ తర్వాత మొదట్లో పిలకలు వేస్తుంది. పూలు రాలాక ఏడాది దాకా తల్లి ఆకుల్లోని సారం పిలకలకు పోతూ ఉంటుంది కాబట్టి ఆకులు పసుపు పడుతున్నాయని పీకేయవద్దు. పిలక తల్లిలో మూడో వంతు ఎత్తు పెరిగాక, పదునైన కత్తితో మొదట్లో కోసి, గాయం ఆరడానికి రెండు రోజులు నీడలో పెట్టి నాటాలి. మన దగ్గర ఈ పనికి ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం, వానలు పడుతుంటాయి, రాత్రులు చల్లబడుతుంటాయి. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు బజారులో అనాస పండు కొని, పైనున్న ఆకుల కిరీటాన్ని మెలితిప్పి తీసి, అడుగు ఆకులు కొన్ని ఒలిచి, మూడు, నాలుగు రోజులు ఆరబెట్టి నాటుకోవచ్చు. కాయకు రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఆ రెండు ఎండాకాలాల రాత్రులు దాటించగలిగితే మిగతా ఏ బ్రోమీలియడ్‌నైనా ధైర్యంగా తెచ్చుకోవచ్చు.